ఎర్ర చీటీని దాచిపెట్టకండి

పురిటికొచ్చిన మా చెల్లెల్ని పరీక్షకి తీసుకెళదామని బయల్దేరితే కార్డు కనబళ్ళేదు. ఇల్లంతా వెతికాం. చివరికి బీరువాలో, అమ్మ పట్టుచీరల మడతల మధ్య దొరికింది. ఎవరో పెట్టి మరిచిపోయింది కాదు. అమ్మే దాచింది.

"ఎందుకు దాచావమ్మా?" అంటే గొంతు తగ్గించి చెప్పింది. "దాని మీద ఆ ఎర్ర చీటీ చూశావా? రేపు వాళ్ళ అత్తగారు చూడ్డానికొస్తే ఏమనుకుంటుంది? రోగిష్టి పిల్లని మా నెత్తిన పెట్టారనదూ?"

నవ్వొచ్చింది నాకు. కానీ మా చెల్లెలు నవ్వలేదు. దాని మొహం చూస్తే అదీ అమ్మలాగే అనుకుంటోందని అర్థమైంది.

ఇది 2019 నాటి సంగతి. మా పుట్టిల్లు తెనాలి పక్కన పల్లెటూరు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించే పథకం 2016లో మొదలైంది. ఆ పరీక్షలో ఏ ఇబ్బందీ లేదని తేలినవాళ్ళ కార్డు మీద ఆకుపచ్చ చీటీ, కాస్త కనిపెట్టి చూడాల్సినవాళ్ళ కార్డు మీద ఎర్ర చీటీ అంటిస్తారు. మా చెల్లెలికి ఎనిమిదో నెలలో బి.పి. 146/94 వుంది. నాలుగైదు గంటలు కూర్చోబెట్టి మళ్ళీ చూశారు. తగ్గలేదు. ఎర్ర చీటీ పడింది. అంతే జరిగింది. కానీ ఆ చీటీ మా ఇంట్లో ఒక నిందలా కూర్చుంది.

ఆ చీటీ గురించే ఈ నాలుగు మాటలు. ఎందుకంటే అది నిజంగా ఏం చెబుతోందో సరిగా తెలుసుకోక మా చెల్లెల్ని పోగొట్టుకోబోయాం.

ఇంట్లో పేర్లు వేరు

మనందరి ఇళ్ళలోనూ గర్భిణి బాధలకి పేర్లున్నాయి. కాళ్ళు ఉబ్బితే "నీరు దిగింది". వాంతులైతే "వేవిళ్ళు". మొహం పాలిపోతే "నెత్తురు తక్కువ". బాలింతకి తలనొప్పొస్తే "గాలి తగిలింది". ఈ పేర్లు పెట్టినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. చూసింది చూసినట్టు చెప్పారు. చాలాసార్లు అవి మామూలు బాధలే, వాటంతట అవే పోతాయి కూడా. చిక్కల్లా ఏమిటంటే, మామూలుదానికీ ప్రాణం మీదికి తెచ్చేదానికీ మన దగ్గర ఒకటే పేరు. పేరు తెలిసిందంటే మనసు కుదుటపడుతుంది. "ఆఁ, నీరే కదా" అని ఊరుకుంటాం.

మా అమ్మమ్మ నోట చిన్నప్పుడు ఇంకో పేరు వినేదాన్ని. గుర్రపువాతం. అమ్మమ్మ వాళ్ళక్క తొలి కాన్పులో ఆ వాతం వచ్చే పోయిందట. "కాళ్ళూ చేతులూ కొట్టుకుంది, నోట నురగొచ్చింది, తెల్లారేసరికి అయిపోయింది" అని చెప్పేది. ఎందుకొచ్చిందమ్మమ్మా అంటే, "ఏమో, దాని రాత" అనేది. అంతకుముందు వారం నుంచీ ఆమె తల పగిలిపోతోందని, కళ్ళు మసకలంటోందని అనేదట. తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేశారు. కళ్ళ మసకకి నీరసం అన్నారు. ఆ తలనొప్పి, ఆ మసక, ఆ వాతం ఒకే జబ్బు మెట్లని వాళ్ళకి చెప్పే దిక్కు లేదు.

గుర్రపువాతాన్ని డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. దానికి ముందు మెట్టు ప్రీ ఎక్లాంప్సియా.

ఒకే బి.పి., నాలుగు పేర్లు

మా బావగారి అమ్మాయి మెడిసిన్ చదివింది. చెల్లెలి కార్డు పట్టుకుని ఆ పిల్ల దగ్గర కూర్చుని ఒక సాయంత్రమంతా పాఠం చెప్పించుకున్నాను. నాకర్థమైనట్టుగా మీకు చెబుతాను.

గర్భిణి బి.పి. 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వుంటే, కొన్ని గంటలాగి చూసినా అట్లాగే వుంటే, డాక్టరు మొదట అడిగేది "ఎన్నో వారం?" అని. ఇరవై వారాలు దాటకముందే బి.పి. వుంటే అది గర్భం రాకముందు నుంచీ వున్న బి.పి. కింద లెక్క. ఇరవై వారాల తర్వాత కొత్తగా వస్తే గర్భం వల్ల వచ్చిన బి.పి. మూడోది, దాంతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ప్రీ ఎక్లాంప్సియా. ప్రొటీన్ లేకపోయినా రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవటం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు తేడా రావటం, ఆగని తలనొప్పి, చూపు మసక లాంటివుంటే కూడా ఆ పేరే పెడతారు. నాలుగోది ఫిట్స్. అదే ఎక్లాంప్సియా, మన గుర్రపువాతం.

"ఏదైతేనేం, బి.పి. బి.పి.యే కదా?" అన్నాను.

"కాదు పిన్నీ. పేరు మారితే చెయ్యాల్సిన పని మారుతుంది" అంది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. మొదటి పేరైతే మందులు వాడుతూ తొమ్మిది నెలలూ కనిపెట్టుకుని వుండాలి. రెండోదైతే తరచుగా బి.పి., మూత్రం, రక్తం పరీక్షలు చేస్తూ అది మూడో మెట్టెక్కుతోందేమో చూడాలి. మూడోదైతే కాన్పు ఎప్పుడు చెయ్యాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆ జబ్బుకి మూలం మాయలో వుంది కాబట్టి బిడ్డా మాయా బయటికొస్తే గానీ తగ్గుముఖం పట్టదు. బి.పి. 160/110 చేరిందంటే ఇక రేపు ఎల్లుండి అనుకునేందుకు లేదు, వెంటనే ఆసుపత్రిలో చేరాల్సిందే.

అంటే ఎర్ర చీటీ పిల్ల మీద వేసిన ముద్ర కాదు. ఆ పిల్లకి ఎవరు, ఎప్పుడు, ఏం చెయ్యాలో చెప్పే చీటీ. దాన్ని పట్టుచీరల కింద పెడితే చెయ్యాల్సిన పని కూడా అక్కడే మడత పడుతుంది.

చక్కెరకీ, నెత్తురుకీ ఇదే పద్ధతి. గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వుంటే గర్భంలో వచ్చిన మధుమేహం. మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. కాన్పైన ఆరు వారాలకి ఇంకోసారి చూపించుకోవటం మనలో చాలామంది మరిచిపోతాం. "నెత్తురు తక్కువ" అని మనం ఒక్క మాటతో తేల్చేదాన్ని వాళ్ళు మూడుగా విడదీస్తారు. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత. 10కి పైన వుంటే కొద్దిపాటిది, 7 నుంచి 10 లోపు మధ్యరకం, 7 కన్నా తక్కువైతే తీవ్రం. కొద్దిపాటిదానికి మాత్రలు చాలు. తీవ్రమైనదానికి ఆసుపత్రిలో చేరి రక్తం ఎక్కించుకోవాల్సి రావచ్చు. గోంగూర, బెల్లం, నువ్వులుండలు తినిపిస్తూ కూర్చుంటే కాలాతీతమైపోతుంది. తినొద్దనటం లేదు, దాంతోనే సరిపెట్టొద్దంటున్నాను.

ఆ రాత్రి

ముప్పై ఏడో వారంలో చెల్లెలి మూత్రంలో ప్రొటీన్ కనిపించింది. మూడో మెట్టన్నమాట. పట్నంలో ఒక నర్సింగ్ హోంలో చేర్చాం. నొప్పులు తెప్పించారు. మామూలు కాన్పే. ఆడపిల్ల. 2 కిలోల 400 గ్రాములు. అమ్మ ఆనందం ఇంతా అంతా కాదు. మూడో రోజున ఇంటికి పంపించేశారు. "బి.పి. సంగతేమిటండీ?" అని నేనడిగితే, "కాన్పైపోయిందిగా, అదే తగ్గుద్ది" అంది సిస్టరు. మళ్ళీ ఎప్పుడు చూపించాలో కాయితం మీద రాయలేదు. నేనూ రెట్టించి అడగలేదు. అదే నేను చేసిన తప్పు.

నేను గుంటూరు వచ్చేశాను. పిల్లల స్కూళ్ళు, ఆయన ఆఫీసు, మామూలే. ఆరో రోజు రాత్రి పదిన్నరకి మాటవరసకి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది.

"చెల్లేం చేస్తోందమ్మా?"

"పడుకుంది. పొద్దుట్నించీ తలనొప్పంటోంది. తలకి పోసుకున్నాక ఫ్యాను కింద కూర్చుంది, గాలి తగిలింది. చెవుల్లో దూది పెట్టి శొంఠి పట్టేశాను. తగ్గుద్దిలే."

శొంఠి పట్టు అనగానే నా గుండె జారింది. అమ్మమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఒకసారి దానికియ్యమ్మా ఫోను."

"అక్కా..." అంది నీరసంగా. "కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నట్టుందే. కుడి డొక్కలో పైన నొప్పి. అమ్మ అజీర్తంటోంది."

ఇంక ఆగలేదు. "అమ్మా, 108కి ఫోన్ చెయ్యి. కార్డు తీసుకో. ఎర్ర చీటీ వున్న కార్డు, అదే. వాళ్ళకి మొదట అదే చూపించు" అన్నాను.

"పచ్చి బాలింత, ఈ అర్ధరాత్రి గాల్లో..." అమ్మ నసిగింది.

"అమ్మమ్మ వాళ్ళక్క గుర్తుందా నీకు?" అన్నాను. అవతల్నించి మాట రాలేదు. ఫోన్ పెట్టేసింది. మేం బయల్దేరి పెద్దాసుపత్రికి చేరేసరికి వాళ్ళూ వచ్చారు. బి.పి. 180/112.

ఫిట్స్ రాలేదు. రాకుండా ఆపారు. మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజెక్షన్ ఒక రోజంతా ఇచ్చారు. ఎప్పటిదో, ఖరీదు లేని మందు. అది ప్రీ ఎక్లాంప్సియా వున్నవాళ్ళలో ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి తగ్గిస్తుందని, అనేక దేశాల్లో పదివేల మంది దాకా స్త్రీలమీద చేసిన పరిశోధనలో 2002లో తేలింది. అమ్మమ్మ వాళ్ళక్కకి దొరకని మందు మా చెల్లెలికి దొరికింది. కాకపోతే ఆ మందు మన ఇంటికి నడిచి రాదు. దాని దగ్గరికి మనం సమయానికి వెళ్ళాలి.

ఆ రాత్రి డ్యూటీలో వున్న డాక్టరమ్మ కార్డు తిరగేసి, "ఇది చూపించారు కాబట్టి నాకు పని సులువైంది. ఇది లేకపోతే మామూలు తలనొప్పా, మరొకటా అని వెతుక్కోవాల్సి వచ్చేది" అంది. అమ్మ ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది.

పుస్తకానికి ముందే తెలుసు

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడిచ్చిన కాయితంలో జబ్బు పేరు పక్కన 'ఓ 14' అని వుంది. ఇదేం గొడవని మళ్ళీ మా డాక్టరు పిల్లనే అడిగాను.

ప్రపంచంలో వున్న జబ్బులన్నిటికీ అంకెలిచ్చి వరసపెట్టిన పట్టిక ఒకటుందట. చావులకి కారణాల్ని అన్ని దేశాలూ ఒకే తీరుగా రాసుకోవాలని 1893లో బెర్టిలాన్ అనే ఫ్రెంచి ఆయన తయారుచేసిన జాబితాతో అది మొదలైంది. 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాగోగులు చూస్తోంది. పదో కూర్పు 1990లో ఆమోదం పొందింది. పదకొండోది 2022 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. చెల్లెలి కాయితం మీద వేసింది పదో కూర్పులో అంకె.

నన్ను ఆశ్చర్యపరిచినదేమిటంటే, ఆ పదో కూర్పులో గర్భం, కాన్పు, బాలింత జబ్బులకి ఒక అధ్యాయమే వేరుగా వుంది. వాటి అంకెలన్నీ 'ఓ' అక్షరంతో మొదలవుతాయి. మా ఆయనకున్న బి.పి. 'ఐ 10'. గర్భం వల్ల వచ్చిన బి.పి. 'ఓ 13'. ప్రీ ఎక్లాంప్సియా 'ఓ 14'. ఫిట్స్ 'ఓ 15'. ఆ 'ఓ 15'లో మళ్ళీ మూడు గదులు. గర్భంలో వచ్చే ఫిట్స్‌కి ఒకటి, నొప్పుల్లో వచ్చేవాటికి ఒకటి, కాన్పయ్యాక బాలింతకి వచ్చేవాటికి ఒకటి.

అంటే కాన్పైన తర్వాత కూడా ఈ వాతం వస్తుందని ఆ పుస్తకానికి ఎప్పటినుంచో తెలుసు. దానికి గది కట్టి అంకె కూడా వేసి పెట్టింది. తెలియనిది మాకే. కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బి.పి. మళ్ళీ పైకెక్కటం మామూలేనట. సరిగ్గా అప్పుడే మన ఆడపిల్లలు ఆసుపత్రి నుంచి ఇంటికొస్తారు. సరిగ్గా అప్పుడే వచ్చినవాళ్ళంతా బిడ్డని చూస్తారు. తల్లిని ఎవరూ చూడరు.

ఇంకో లెక్క కూడా వుంది. కాన్పైన 42 రోజుల లోపల ఆ గర్భానికి సంబంధించిన కారణంతో తల్లి పోతే దాన్ని ప్రసూతి మరణంగానే రాస్తారు. ఫిట్స్, రక్తస్రావం, పురిటి జ్వరం లాంటివి నేరుగా కాన్పు తెచ్చిన కారణాలు. ముందే వున్న గుండెజబ్బు లాంటిది గర్భం వల్ల ముదిరి ప్రాణం తీస్తే అది పరోక్ష కారణం. ఈ లెక్కన 2018-20లో మన దేశంలో లక్ష కాన్పులకి 97 మంది తల్లులు పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. 2014-16లో దేశమంతటికీ ఇది 130. తగ్గింది, సంతోషమే. కానీ ఆ నలభై అయిదు మందిలో ఒకరు మనింటి పిల్లయితే ఆ ఇంటికి లెక్క నూటికి నూరు. అమ్మమ్మ వాళ్ళక్క ఏ లెక్కలోనూ లేదు. ఆమె చావుకి ఎవరూ పేరు రాయలేదు. "రాత" అన్నారు, అంతే.

అడగండి, తప్పులేదు

మనం డాక్టరు ముందు నోరు మెదపం. "ఏమన్నా అడిగితే విసుక్కుంటారేమో" అని భయం. నాకూ అంతే. కానీ ఇప్పుడు మా ఇళ్ళలో ఎవరు నీళ్ళోసుకున్నా కొన్ని ప్రశ్నలు కాయితం మీద రాసిచ్చి పంపుతున్నాను. నా బి.పి. ఎంత? ఇరవై వారాలకి ముందు ఎంత వుంది? మూత్రంలో ప్రొటీన్ వుందా? హిమోగ్లోబిన్ ఎంత? చక్కెర ఎంత? ఎర్ర చీటీ వేస్తే, ఏ కారణంతో వేశారు? మళ్ళీ ఎప్పుడు రావాలి? కాన్పయ్యాక బి.పి. ఎన్నాళ్ళు చూపించుకోవాలి? ఇవి అడగటానికి చదువక్కర్లేదు.

ఇక ఎవరినీ అడక్కుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి కొన్నున్నాయి. తగ్గని తలనొప్పి. చూపు మసక, కళ్ళ ముందు మెరుపులు. డొక్కలో పైభాగాన నొప్పి. ఉన్నట్టుండి మొహం, చేతులు ఉబ్బటం. ఊపిరాడకపోవటం. రక్తస్రావం. ఉమ్మనీరు పోవటం. బిడ్డ కదలికలు తగ్గటం. జ్వరం. ఫిట్స్. వీటిలో ఉమ్మనీరు, బిడ్డ కదలికలు తప్ప మిగతావన్నీ బాలింతకీ వర్తిస్తాయి. పురుడు పోసుకున్నంత మాత్రాన, బారసాల అయినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

అట్లాగని ఎర్ర చీటీ పడ్డవాళ్ళందరికీ ఏదో అయిపోతుందనుకోవద్దు. చాలామంది పండంటి బిడ్డని ఎత్తుకుని క్షేమంగా ఇంటికొస్తారు. ఆకుపచ్చ చీటీ వున్నవాళ్ళకి ఏమీ కాదని రాసివ్వటమూ కాదు. ఈ నెల ఆకుపచ్చ వచ్చే నెల ఎరుపు కావచ్చు. పేర్లు మారుతుంటాయి. మా చెల్లెలికి అయిదు వారాల్లో బి.పి. దిగొచ్చి మందులు మానేసింది. పన్నెండు వారాలకి కూడా మామూలుగానే వుందని చూశాక గానీ డాక్టరు ఆ కాయితం మూయలేదు. అప్పటికీ దిగకపోయి వుంటే అది ఎప్పటికీ వుండే బి.పి. కింద పేరు మార్చేవారట. ప్రీ ఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకి ముందు ముందు గుండెజబ్బులొచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఇంచుమించు రెట్టింపు. అందుకని ఏడాదికోసారైనా బి.పి. చూపించుకోమన్నారు. మా చెల్లెలు తన పుట్టినరోజు నాడు చూపించుకుంటుంది.

2023లో అది మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి మొదటి పరీక్షకే పాత కాయితాలన్నీ తీసుకెళ్ళింది. డాక్టరు పన్నెండు వారాలు దాటాక రోజూ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర వేసుకోమంది. అందరూ సొంతంగా వేసుకునే మాత్ర కాదది, మీ డాక్టరు చెబితేనే. ఎర్ర చీటీ ఈసారి మొదట్లోనే పడింది. బి.పి. కొంచెం పెరిగింది గానీ మూడో మెట్టు ఎక్కలేదు. మగపిల్లాడు.

పురిటికి మా పుట్టింటికే వచ్చింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు కార్డు ఎక్కడుందోనని బీరువా వైపు చూశాను. అమ్మ నవ్వి గోడ చూపించింది. క్యాలెండరు మేకుకి దారం కట్టి వేలాడదీసింది, ఎర్ర చీటీ బయటికి కనబడేట్టు. వాళ్ళ అత్తగారు పక్కనే కూర్చుని, "రేపు 9వ తేదీ వదినా, గుర్తుందిగా" అంటోంది.

మీ ఇంట్లో కార్డు ఎక్కడుంది? ఒకసారి వెళ్ళి చూడండి.